స్లో కుక్కర్‌లో పెద్దకూర నీళ్లగా, పచ్చి వాసనతో ఎందుకు వస్తోంది?

మీరు అడిగింది ఇదీ. డాలస్‌లో ఉంటున్నారు. పొద్దున పెట్టేసి ఆఫీసుకి వెళ్లిపోవచ్చని ఆరు క్వార్టుల (ఆరు లీటర్లకి కాస్త తక్కువ) స్లో కుక్కర్, అంటే కరెంటు మీద గంటల తరబడి మెల్లగా ఉడికించే పింగాణీ కుండ, కొన్నారు. సూపర్ మార్కెట్లో దొరికే స్టూ మీట్ (కూరకని కోసి ఉంచిన బీఫ్ ముక్కలు) ప్యాకెట్ తెచ్చి, ఉల్లిపాయలు, టమాటాలు, అల్లం వెల్లుల్లి, కారం, మసాలా అన్నీ పచ్చివే ఒకేసారి వేసి, రెండు కప్పుల నీళ్లు పోసి, 'లో' (తక్కువ వేడి) సెట్టింగ్ మీద ఎనిమిది గంటలు ఉంచారు. సాయంత్రం మూత తీస్తే పల్చటి పులుసు, పాలిపోయిన రంగు, అల్లం వెల్లుల్లి పచ్చి వాసన. కొన్ని ముక్కలు పీచులా పొడిబారాయి, కొన్ని రబ్బరులా సాగుతున్నాయి. హనుమకొండలో అమ్మ వండే పెద్దకూరకి దరిదాపుల్లో కూడా లేదు. తప్పు కుక్కర్‌దా, మాంసానిదా? ఈ కుక్కర్‌ని ఇండియా తీసుకెళ్లి అమ్మకిస్తే పనికొస్తుందా?

కుక్కర్ బాగానే ఉంది. మాంసం సంగతి కొంత ఉంది, దానికి వస్తాను. ముందు తెలుసుకోవాల్సింది ఏంటంటే, స్లో కుక్కర్ ఉడకబెడుతుంది, వేయించదు. దాని లోపల వేడి నీళ్లు మరిగే స్థాయిని దాటదు. ఉల్లిపాయ ఎర్రబడాలన్నా, మాంసానికి ఆ వేపుడు వాసన రావాలన్నా నీరంతా పోయి గిన్నె 140 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కాలి. మూత పెట్టిన పింగాణీ కుండలో అది జరిగే పనే కాదు. అందుకే మీ ఉల్లిపాయలు ఎనిమిది గంటల తర్వాత కూడా ఉడికిన ఉల్లిపాయలుగానే ఉన్నాయి. పచ్చి వాసన కూడా అంతే. మామూలుగా మూత లేని గిన్నెలో అల్లం వెల్లుల్లి వేయించేటప్పుడు ఆ ఘాటు ఆవిరితో పాటు బయటికి పోతుంది. ఇక్కడ ఆవిరి మూతకి తగిలి చుక్కలుగా మళ్లీ కూరలోనే పడుతుంది. పోయే దారి లేదు.

కాబట్టి పనిని మూడుగా విడగొట్టుకోండి. మసాలా వేయించడం పొయ్యి మీద. ముక్క మెత్తబడటం స్లో కుక్కర్‌లో. చివర్లో పులుసు ఇగరబెట్టడం మళ్లీ పొయ్యి మీద. 'అన్నీ పడేసి వెళ్లిపోండి' అనే అమెరికన్ వంటకాలు వాళ్ల రుచికి సరిపోతాయేమో గానీ మన కూరకి పనికిరావు. అలాంటప్పుడు స్లో కుక్కర్ ఎందుకూ అంటారేమో. ఆ మధ్యలో ఎనిమిది గంటలు మనం పొయ్యి దగ్గర ఉండక్కర్లేదు, అంత తేలిగ్గా అడుగంటదు, గట్టి ముక్క కూడా విరగకుండా మెత్తబడుతుంది. నాకు అది చాలు.

ఇక మాంసం. మన హైదరాబాద్, వరంగల్, ఖమ్మం కొట్లలో బడేకా అని అమ్మేది ఎక్కువగా గేదె, దున్న మాంసం. ఆవుని కోయకూడదని 1977 నాటి చట్టం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. గేదె మాంసం ముదురు ఎరుపు, కండ మధ్యలో కొవ్వు తక్కువ, పీచు ముతక. అక్కడ అమెరికాలో దొరికేది ధాన్యం మేపి పెంచిన, దాదాపు రెండేళ్ల వయసు పశువుది. కండలో సన్నటి కొవ్వు చారలు ఉంటాయి, రుచి కాస్త తియ్యగా ఉంటుంది. అందుకని అమ్మ కొలతలే వాడినా కూర జిడ్డుగా, కారం తగ్గినట్టుగా అనిపించడం సహజం. నూనె తగ్గించి, ధనియాలు, మిరియాలు కాస్త పెంచితే తేడా చాలావరకు సర్దుకుంటుంది.

స్టూ మీట్ ప్యాకెట్ మానేయండి. అందులో రకరకాల భాగాల ముక్కలు కలిసి ఉంటాయి. ఒకటి ఆరు గంటలకి ఉడుకుతుంది, ఇంకొకటి తొమ్మిదికి. మీ గిన్నెలో ఒకేసారి పీచూ, రబ్బరూ రెండూ రావడానికి కారణం ఇదే. భుజం వైపు నుంచి వచ్చే చక్ రోస్ట్ పెద్ద ముక్కగా కొని ఇంట్లో మీరే కోసుకోండి, అంగుళంన్నర సైజు. అంతకంటే చిన్నవి కోస్తే సాయంత్రానికి తునిగిపోతాయి. హలాల్ కొట్టు దగ్గర్లో ఉంటే పిక్క భాగం, అంటే షాంక్, ఎముకతో కొట్టించుకోండి. నన్నడిగితే సగం చక్, సగం షాంక్. నల్లి బొక్కలోని మూలుగ పులుసులోకి దిగితే ఆ రుచి వేరు, అమ్మ కూరకి దగ్గరయ్యేదీ దానివల్లే. సర్లాయిన్, ఐ ఆఫ్ రౌండ్ లాంటి కొవ్వు లేని ముక్కలు మాత్రం వద్దు. ఎందుకంటే ఏ మాంసమైనా 65, 70 డిగ్రీల వేడికి వచ్చేసరికి లోపలి రసం చాలావరకు బయటికి వచ్చేస్తుంది, పులుసులో మునిగి ఉన్నా సరే. పని ఎక్కువగా చేసే కండల్లో కొలాజెన్ అనే గట్టి బంధనం ఉంటుంది. 70 డిగ్రీలు దాటాక అది గంటల తరబడి మెల్లగా కరిగి జిలెటిన్ అవుతుంది. పోయిన రసం లోటుని అదే పూడుస్తుంది. కొలాజెన్ లేని ముక్కలో పూడ్చడానికి ఏమీ ఉండదు, అందుకే పొడిబారుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడతారు. ముక్క సాగుతోందంటే ఎక్కువ ఉడికిందని కాదు, ఇంకా ఉడకలేదని. మూత పెట్టి ఇంకో గంట వదిలేయండి. పీచుపీచుగా విడిపోతూ పొడిగా ఉంటేనే ఎక్కువైనట్టు, లేదా భాగం తప్పు ఎంచుకున్నట్టు.

నీళ్ల విషయంలో మాత్రం కొంచెం చరిత్ర చెప్పాలి, ఉపయోగం ఉంది కాబట్టే. ఈ యంత్రాన్ని తయారుచేసినాయన షికాగోకి చెందిన ఇర్వింగ్ నాక్సన్. 1940లో పేటెంట్ వచ్చింది. లిథువేనియా యూదు కుటుంబాల్లో శుక్రవారం సాయంత్రం చోలెంట్ అనే వంటకాన్ని బేకరీ పొయ్యిలో పెట్టి మర్నాటి దాకా వదిలేసేవాళ్లని వాళ్లమ్మ చెప్పిన మాట విని ఆయనకి ఈ ఆలోచన వచ్చిందట. చోలెంట్ అంటే చిక్కుడు గింజలు, బార్లీ, మాంసం. 1970లో రైవల్ కంపెనీ ఆయన వ్యాపారాన్ని కొని, మరుసటి ఏడాది దీన్నే క్రాక్‌పాట్ పేరుతో అమ్మింది. అంటే ఇది నీళ్లు తాగే గింజల కోసం పుట్టిన గిన్నె. గింజలు, బార్లీ ఉంటే ఎన్ని నీళ్లయినా పీల్చేస్తాయి. మన కూరలో పీల్చేది ఏమీ లేదు, మూతలోంచి ఆవిరీ పెద్దగా పోదు. పైగా మాంసం, టమాటా, ఉల్లిపాయ తమ నీళ్లు తాము వదులుతాయి. అందుకే మీ రెండు కప్పులు సాయంత్రానికి నాలుగు కప్పుల్లా కనిపించాయి. కిలో పైచిలుకు మాంసానికి అర కప్పు వేడి నీళ్లు చాలు. ముక్కలు మునగలేదని భయపడకండి, రెండు గంటల్లో వాటి రసంలోనే మునుగుతాయి.

ఇప్పుడు వండే పద్ధతి. కిలో రెండొందల గ్రాముల మాంసానికి చెబుతున్నాను, రెండున్నర పౌండ్లకి కాస్త ఎక్కువ. నలుగురైదుగురికి వస్తుంది. మీ ఆరు క్వార్టుల గిన్నెలో సగం నిండుతుంది, అంతకంటే తక్కువ వేస్తే అంచుల్లో మాడే అవకాశం ఉంది.

ముందురోజు రాత్రి మసాలా ముద్ద చేసిపెట్టుకోండి. మందపాటి గిన్నెలో నాలుగు టేబుల్ స్పూన్ల నూనె వేసి, షాజీరా అర టీస్పూను, రెండు బిర్యానీ ఆకులు, చిన్న దాల్చిన చెక్క ముక్క, మూడు లవంగాలు వేయండి. మామూలుగా వాడే దాంట్లో ఇది సగమే. ఎనిమిది గంటలు మూత కింద ఉండేసరికి లవంగం, యాలకులు మిగతా అన్నిటినీ మింగేస్తాయి. మూడు పెద్ద ఉల్లిపాయలు సన్నగా తరిగి, చిటికెడు ఉప్పుతో, బంగారు రంగు దాటి ఇటుక రంగు వచ్చేదాకా వేయించండి. ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. ఇక్కడ తొందరపడితే మీ కూర రంగు మళ్లీ పాలిపోతుంది. తర్వాత రెండు టేబుల్ స్పూన్ల అల్లం వెల్లుల్లి ముద్ద వేసి పచ్చి వాసన పోయేదాకా కలపండి. మంట తగ్గించి పసుపు, ఒకటిన్నర టేబుల్ స్పూను కారం, రెండు టేబుల్ స్పూన్ల ధనియాల పొడి వేసి, మాడకుండా కాస్త నీళ్లు చిలకరించండి. చివర రెండు టమాటాలు. ముద్ద గిన్నె అంచుల్ని వదిలి, చుట్టూ నూనె ఊరేదాకా ఉంచాలి. చల్లార్చి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయండి. దీన్ని రెండింతలు చేసి సగం ఫ్రీజర్‌లో దాచుకుంటే వచ్చే వారానికి ఈ పని కూడా ఉండదు.

మాంసాన్ని మాత్రం రాత్రే సగం వేయించి ఫ్రిజ్‌లో పెట్టకండి. సగం ఉడికిన మాంసం నిల్వ చేయడం మంచిది కాదు. కోసి, వేరే డబ్బాలో పచ్చిగానే పెట్టుకోండి.

పొద్దున వెడల్పాటి బాణలి బాగా వేడెక్కాక కొంచెం నూనె, మాంసం, అర టీస్పూను పసుపు, రెండు టీస్పూన్ల ఉప్పు వేసి పెద్ద మంట మీద వేయించండి. మొదట నీళ్లు వదులుతుంది. ఆ నీళ్లు ఇగిరిపోయి, ముక్కలు గిన్నెకి అంటుకుంటూ చిటపటమనేదాకా కదుపుతూ ఉండాలి. పన్నెండు, పదిహేను నిమిషాలు. ఇంగ్లీషు వంటల వీడియోల్లో ముక్కల్ని తడి లేకుండా తుడిచి విడివిడిగా కాలుస్తారు, అదీ మంచిదే. కానీ మన పద్ధతిలో ఇంకో లాభం ఉంది, పులుసుని పల్చన చేసే నీళ్లు ముందే సగం పోతాయి. రాత్రి చేసిన ముద్ద ఇందులో వేసి రెండు నిమిషాలు కలిపి, అర కప్పు మరిగే నీళ్లు పోసి, అడుగున అంటుకున్నదంతా గరిటెతో గీకి, మొత్తం స్లో కుక్కర్‌లోకి వంపేయండి. ఆ గీకినదాంట్లోనే రుచంతా ఉంది, సింకులో వదిలేయకండి. వేడివేడిగా వేయడం వల్ల కుక్కర్ కూడా త్వరగా ఊపందుకుంటుంది.

పొద్దున్నే ఇంత పని కుదరదంటే మాంసం వేయించడం ఎగ్గొట్టండి, ఏదో ఒకలా సర్దుకుంటుంది. మసాలా ముద్ద మాత్రం ఎగ్గొట్టకండి.

'లో' మీద ఎనిమిది గంటలు. 'హై' మీద నాలుగు నుంచి అయిదు. చాలా మోడళ్లలో రెండూ చివరికి చేరే వేడి దాదాపు ఒకటే, ఎంత త్వరగా చేరతాయన్నదే తేడా. కొలాజెన్ కరగడానికి టైం కావాలి కాబట్టి నా ఓటు 'లో'కే. మధ్యలో మూత తీసి చూడకండి. తీసిన ప్రతిసారీ పోయిన వేడి మళ్లీ రావడానికి ఇరవై నిమిషాల పైనే పడుతుంది. ఇంట్లో ఉన్నరోజు ఇదే పెద్ద టెన్షన్, చెయ్యి ఊరుకోదు. ఆలుగడ్డలు వేసే అలవాటుంటే పెద్ద ముక్కలుగా కోసి అడుగున, అంచుల పక్కన పెట్టండి. ఇందులో ఆలు మాంసం కంటే మొండిది, టమాటా పులుపు తగిలితే ఇంకా మొండికేస్తుంది. పెరుగు ముందే వేస్తే విరిగిపోతుంది. కావాలంటే చివర్లో, గిలక్కొట్టి, కొద్దికొద్దిగా.

సాయంత్రం మూత తీయగానే పైన మందంగా నూనె తేలి కనిపిస్తుంది. అది చూసి కూర అయిపోయిందని అనుకోకండి. పొయ్యి మీద వండేటప్పుడు నూనె తేలడం అంటే మసాలా వేగి నీరు ఇగిరిందని గుర్తు. ఇక్కడ తేలేది చాలావరకు కరిగిన బీఫ్ కొవ్వు, కింద నీళ్లు అలాగే ఉన్నాయి. గరిటెతో చాలామటుకు తీసేయండి. ఈ కొవ్వు కొంచెం చల్లారినా గడ్డకట్టి అంగిలికి మైనంలా అంటుకుంటుంది. ఒకటి రెండు స్పూన్లు మాత్రం ఉంచండి, వాసనంతా దాన్ని పట్టుకునే ఉంటుంది.

తర్వాత ముక్కలు మెల్లగా పళ్లెంలోకి తీసి, పులుసుని వెడల్పాటి గిన్నెలో పోసి పెద్ద మంట మీద మరిగించండి. మూత తీసి 'హై' మీద పెడితే స్లో కుక్కర్‌లోనే చిక్కబడుతుందంటారు గానీ గంటసేపు చూసినా పెద్ద తేడా రాదు. పొయ్యి మీద పది నిమిషాల్లో సగమవుతుంది. కార్న్‌ఫ్లోర్ కలపొద్దు. చైనీస్ రెస్టారెంట్ సాస్‌లా మెరుస్తుంది, మన కూరలా ఉండదు. మన దగ్గర చిక్కదనానికి గసగసాలు, ఎండు కొబ్బరి ఉన్నాయి కదా. టేబుల్ స్పూను గసగసాలు, మూడు టేబుల్ స్పూన్ల కొబ్బరి, నాలుగు యాలకులు, రెండు లవంగాలు, పావు టీస్పూను మిరియాలు దోరగా వేయించి మెత్తగా నూరి ఈ దశలోనే వేయండి. ముందే వేస్తే అడుగుకి దిగి మాడుతుంది, కొబ్బరి వాసన కూడా చచ్చిపోతుంది. గల్ఫ్‌లో, సింగపూర్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే గసగసాల జోలికి పోకండి. యూఏఈ, సౌదీ, సింగపూర్‌లో అవి నిషేధం, బ్యాగులో దొరికితే పెద్ద గొడవ. జీడిపప్పు వాడుకోండి.

చిక్కబడ్డాక ముక్కలు తిరిగి వేసి ఒక్క ఉడుకు. ఉప్పు ఇప్పుడే చూడాలి, ఇగరక ముందు చూసి వేస్తే చివరికి ఉప్పుకశం అవుతుంది. చిన్న మూకుడులో రెండు స్పూన్ల నూనె కాచి, కరివేపాకు, అర టీస్పూను కశ్మీరీ కారం వేసి వెంటనే కూర మీద పోయండి. ఎనిమిది గంటల్లో కారం ఘాటు పోదు గానీ వాసన, రంగు మందగిస్తాయి, ఈ తాలింపుతో లేచి వస్తాయి. పుదీనా, కొత్తిమీర చల్లి పావుగంట మూత పెట్టండి. మీ అపార్ట్‌మెంట్‌లో స్మోక్ అలారం ఉంటుంది కదా, తాలింపుకి ముందు ఎగ్జాస్ట్ ఆన్ చేయడం మర్చిపోకండి.

కొన్ని జాగ్రత్తలు, ఇవి రుచి కోసం కాదు. గడ్డకట్టిన మాంసాన్ని నేరుగా స్లో కుక్కర్‌లో వేయకండి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి, గడ్డ కరిగేలోపు మాంసం ఆ మధ్యలోనే గంటలు గడుపుతుంది. ముందురోజే ఫ్రిజ్ కింది అరలో పెట్టి కరగనివ్వండి. టైమర్ పెట్టి మధ్యాహ్నం మొదలయ్యేలా చేసి, పచ్చి మాంసాన్ని పొద్దుట్నించీ గిన్నెలో వదిలేయడం కూడా అలాంటిదే. 'వార్మ్' వేడి నిలపడానికే, వండటానికి కాదు. మిగిలిన చల్లటి కూరని ఇందులో వేడి చేయొద్దు, పొయ్యి మీద చేసుకోండి. మీరు లేనప్పుడు కరెంటు పోయి ఎంతసేపటికి వచ్చిందో తెలియకపోతే, చూడటానికి బాగున్నా పారేయండి. ఫ్రిజ్‌లోంచి తీసిన పింగాణీ కుండని వేడి బేస్ మీద పెడితే పగులుతుంది.

గోంగూర వేయాలనుకుంటే విడిగా నూనెలో మగ్గించి, పులుసు ఇగరబెట్టే దశలో కలపండి. పొద్దున్నే వేస్తే సాయంత్రానికి బూడిద రంగు ముద్ద అవుతుంది. చింతచిగురు ఎండుది దొరికితే దానికీ ఇదే పద్ధతి. ఒకటి మాత్రం చెప్పాలి, ఈ గిన్నెకి కూర కంటే దాల్చా బాగా నప్పుతుంది. శనగపప్పు నానబెట్టి, ఎముక ముక్కలతో, మసాలా ముద్దతో కలిపి పెడితే ఆ నీళ్లన్నీ పప్పే తాగేస్తుంది, ఇగరబెట్టే పని మిగలదు. సొరకాయ, చింతపండు చివరి గంటలో. హలీం కూడా అంతే, గోధుమలు ఉన్నాయి కాబట్టి. రోజూ పొద్దునా, సాయంత్రమూ పొయ్యి దగ్గర నిలబడే ఓపిక లేకపోతే మీరు దాల్చా, హలీం వైపు వెళ్లడమే మేలు.

ఇన్‌స్టంట్ పాట్‌లో, అంటే కరెంటు ప్రెషర్ కుక్కర్‌లో, స్లో కుక్ బటన్ ఉంది కదా అని కొందరు అడుగుతుంటారు. దానికి వేడి అడుగు నుంచే వస్తుంది, స్లో కుక్కర్‌లా చుట్టూ రాదు. ఆ బటన్ నొక్కితే 'మోర్' మీదే పెట్టండి, 'లెస్' అంటే దాదాపు వార్మ్ కిందే లెక్క. అసలు అది ఉన్నవాళ్లు ప్రెషర్ మీద నలభై నిమిషాల్లో ఇదే పని ముగించుకోవచ్చు.

కుక్కర్‌ని ఇండియా తీసుకెళ్లే ఆలోచన వదిలేయండి. అమెరికా మోడల్ 120 వోల్టులది, మన దగ్గర 230. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా పెడితే కాలిపోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ కొని పింగాణీ కుండ పగలకుండా మోసుకెళ్లడం కంటే ఇండియాలోనే 230 వోల్టులది ఆర్డర్ చేయడం తేలిక. కానీ ముందు అమ్మని అడగండి. ప్రెషర్ కుక్కర్‌లో అరగంటలో గేదె మాంసం మెత్తగా దించే మనిషికి ఎనిమిది గంటలు కరెంటు మీద ఆధారపడే గిన్నె ఎందుకో నాకైతే అర్థం కాలేదు.